ఐదో తరగతి ఊళ్ళోనే చదివి ఉంటే

పోయిన వారం పక్కింటి కోడలు ఫోను పట్టుకుని మా వరండాలోకి వచ్చి, పెద్దమ్మా, మా అమ్మాయికి అప్లికేషన్ నింపుతున్నాం, మీరూ వచ్చి కాసేపు పక్కన కూర్చోండి, ఎక్కడ తప్పు కొడతామోనని కాళ్ళూ చేతులూ ఆడటం లేదు అంది. నాకు ఆ ఫోను సంగతులేమీ తెలియవని చెప్పినా వినలేదు. వాళ్ళ పిల్ల ఇంటర్ అయ్యి, బాపట్లలో వ్యవసాయం చదువుకి పెడుతోంది. తల్లీ తండ్రీ పిల్లా ఒక్క ఫోను మీదకు ముగ్గురూ ఒరిగిపోయి, ఒక్కో గడీ పైకి చదువుకుంటూ నింపుతున్నారు. అంతా బాగానే ఉంది కానీ, ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడు ఏ ఊళ్ళో చదివారు, ఆ ఊరు మున్సిపాలిటీ కిందకు వస్తుందా, పంచాయతీ కిందకు వస్తుందా అని అడిగే గళ్ళు రాగానే, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయానని చెప్పి లేచి ఇంటికి వచ్చేశాను. పొయ్యి మీద పాలేమీ లేవు.

మా పెద్దమ్మాయి ఇంటర్ రెండో ఏడు చదివిన సంవత్సరం గురించి నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. నా ఈడు తల్లులు చాలామంది ఆ ఏడాదిని గొప్పగా చెప్పుకుంటారు. తెల్లవారుజామున లేచి పాలు కాచి ఇచ్చామనీ, పరీక్షల నెలలో టీవీకి దుప్పటి కప్పామనీ, చుట్టాల పెళ్ళిళ్ళకు కూడా పోలేదనీ. అవన్నీ నేనూ చేశాను. పిల్ల చదువుతుంటే నిద్ర రాకుండా ఉండటానికి పక్కనే కూర్చుని, చింతపండు గింజలు తీసేదాన్ని. ఆ వేసవికి మా ఇంట్లో రెండేళ్ళకు సరిపడా చింతపండు తయారయింది. కానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ పాలూ ఆ దుప్పటీ దేనికీ పనికిరాలేదు. నేను చేయాల్సిన సాయం ఏడేళ్ళ ముందే చెడగొట్టి పెట్టాను.

మాది నందివెలుగు. ఎకరంన్నర మాగాణి, దాని మీదే సంసారం. మావారు మాటకారి కాదు, పొలానికి ఏ తెగులు వచ్చినా తెనాలిలో మందుల కొట్టు ఆయన ఏ సీసా ఇస్తే అది తెచ్చి కొట్టేసేవారు. మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా వరికి దోమ పట్టింది. మడి మధ్యలో గుండ్రంగా ఎండిపోతూ వస్తుంటే మావారు రెండు సీసాలు తెచ్చి గట్టు మీద పెట్టారు. ఈ పిల్ల ఆ సీసా మీద చీమ తలకాయంత అక్షరాలు కూడబలుక్కుని చదివి, నాన్నా ఇది పురుగుకి, దోమకి కాదు అంది. ఆయన నమ్మలేదు. మర్నాడు సైకిలు వేసుకుని తెనాలి వెళ్ళి అడిగితే, కొట్టు ఆయన నాలిక కరుచుకుని వేరే సీసా ఇచ్చాడట. ఆ రోజు నుంచీ మావారు ఏ మందు తెచ్చినా ముందు పిల్ల చేతిలో పెట్టేవారు. దానికి కూడా అప్పుడే మనసులో పడిపోయింది, వ్యవసాయమే చదవాలని. డాక్టరు చదువు కోసం ఊరంతా ఎగబడుతున్న రోజుల్లో, మా పిల్ల బాపట్ల కాలేజీ అంటే ముఖం వెలిగిపోయేలా నవ్వేది.

ఎంసెట్ ర్యాంకు వచ్చింది. డాక్టరు సీటుకి చాలా దూరం, మామూలుగా వ్యవసాయం సీటుకి కూడా కాస్త దూరమే. కానీ కాలేజీలో వాళ్ళ జువాలజీ లెక్చరరు గారు, రైతు బిడ్డల కోటా ఒకటి ఉంది, మీకు భూమి ఉంది కాబట్టి ఆ కోటాలో తప్పకుండా వస్తుంది అని ధైర్యం చెప్పారు. మావారు ఆ సాయంత్రం ఇంటికి వస్తూ పావుకిలో జిలేబీ తెచ్చారు. ఆయన తన చేత్తో మిఠాయి కొనడం నేను అంతకు ముందు చూడలేదు.

దరఖాస్తు కాగితాల కోసం పిల్లనీ నన్నూ తీసుకుని ఆయన బాపట్ల వెళ్ళారు. పాసింజరు బండిలో కిటికీ దగ్గర కూర్చుని, మా అమ్మాయి హాస్టల్లో ఏ ఏ బట్టలు కావాలో కాగితం మీద రాసుకుంటోంది. కాలేజీ ఆవరణ, ఆ చెట్లూ, మడి గట్ల మీద పైర్ల పేర్లు రాసిన చిన్న చిన్న రేకుల బోర్డులూ చూసి మా ఆయన నాలుగుసార్లు ఆగి ఆగి నడిచారు. అక్కడ ఆఫీసులో ఒక గుమాస్తా గారు, పెద్దమనిషి, మా కాగితాలన్నీ ఓపిగ్గా తిప్పి చూశారు. పాసుపుస్తకం సరిపోయింది. కులం కాగితం సరిపోయింది. తర్వాత ఆయన స్టడీ సర్టిఫికెట్లు తీసి వేళ్ళ మీద లెక్క పెట్టారు. రైతు కోటాకి భూమి ఒక్కటే చాలదట. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా కనీసం నాలుగేళ్ళు పల్లెటూళ్ళో, అంటే మున్సిపాలిటీ కాని చోట, చదివి ఉండాలట. రెండు, మూడు, నాలుగు తరగతులు నందివెలుగు. ఐదు నుంచి పైనంతా తెనాలి. ఆయన మూడో వేలు దగ్గర ఆగిపోయి, ఇంకొక్క ఏడాది కావాలండి అన్నారు.

ఆ ఒక్క ఏడాది ఏమైందో నాకు తెలుసు, మావారికీ తెలుసు. అప్పట్లో మా వీధిలో ఒకరి పిల్ల తెనాలిలో ఇంగ్లీషు బడికి ఆటోలో వెళ్ళేది. మెడలో టై, నడుముకి బెల్టు, తెల్ల సాక్సులు. దాన్ని చూసినప్పుడల్లా నా కడుపు మండిపోయేది. మా పిల్ల నాలుగో తరగతి పూర్తి చేయగానే తెనాలి బడిలో వేద్దామని పట్టుబట్టాను. మావారు, ఊళ్ళో ఐదో తరగతి ఉంది, అది కూడా అయ్యాక మారుద్దాం, పిల్ల చిన్నది, ఆటోలో వేలాడుతూ ఏం పోతుంది అన్నారు. పిల్ల కూడా వెళ్ళనని ఏడ్చింది, దాని స్నేహితురాళ్ళందరూ ఇక్కడే. నేను రెండు రోజులు అన్నం మానేసి మంచం మీద పడుకున్నాను. మూడో రోజు ఆయన తెనాలి వెళ్ళి పిల్లని చేర్చి వచ్చారు. టై కట్టుకున్న పిల్లని వీధి చివరిదాకా నేనే నడిపించాను, అవసరం లేకపోయినా, నలుగురూ చూడాలని.

ఆ గుమాస్తా గారి బల్ల ముందు మావారు నా వైపు చూస్తారేమో అని తల వంచుకున్నాను. ఆయన చూడలేదు. చూసి ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

అప్పుడే నాకు ఒకటో తరగతి గుర్తుకు వచ్చింది. మా రెండోవాడు పుట్టినప్పుడు నాకు కామెర్లు వచ్చి లేవలేకపోతే, పెద్దదాన్ని ఏడాదిపాటు మా అమ్మగారింట్లో ఉంచాం. మా పుట్టిల్లు రేపల్లె అవతల, కరకట్ట పక్కన చిన్న ఊరు. అక్కడ బడికి వెళ్ళింది కదా, ఒకటో తరగతి అక్కడే చదివింది కదా. ఈ మాట గట్టిగా అనేసరికి గుమాస్తా గారు కూడా సంతోషించారు, ఆ బడి నుంచి కాగితం తెచ్చుకోండమ్మా, ఇంకా నాలుగు రోజుల గడువు ఉంది అన్నారు. తిరుగు బండిలో నేను నవ్వుతూనే ఉన్నాను. మా అమ్మాయి మాత్రం బట్టల కాగితం మడిచి పుస్తకంలో పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే రేపల్లె బండి ఎక్కి పిల్లా నేనూ వెళ్ళాం. మా నాన్న స్టేషనుకి వచ్చి మమ్మల్ని తీసుకువెళ్ళారు. బడిలో హెడ్మాస్టరు గారు కొత్తవారు, పాతవారు ఎప్పుడో రిటైరై పోయారు. అయినా ఆయన విసుక్కోకుండా రేకు పెట్టె తెరిచి, ఆ ఏడాది అడ్మిషన్ రిజిస్టరు తీసి దుమ్ము దులిపి బల్ల మీద పరిచారు. పేజీలన్నీ చక్కగా ఉన్నాయి, ఒక్క చెద కూడా పట్టలేదు. ఒకటో తరగతి పేర్లు ఆయన వేలు పెట్టి చదువుతుంటే మా అమ్మాయి పక్కన నిలబడి, ఈ అమ్మాయి నా పక్కన కూర్చునేదండీ, ఈ అమ్మాయి పలక పగిలితే నేనే నాది ఇచ్చానండీ అని ఒక్కొక్కళ్ళనూ గుర్తుపట్టింది. చివరి పేరు దాకా అందరూ ఉన్నారు. మా పిల్ల పేరు లేదు.

అప్పుడు మా నాన్న గొంతు సవరించుకుని చెప్పారు. పాత హెడ్మాస్టరు గారు ఆయనకు స్నేహితుడట. ఏడాదికే కదా, మళ్ళీ టీసీ గొడవ ఎందుకు, ఊరికే తీసుకొచ్చి కూర్చోబెట్టండి అని ఆయన అన్నారట. మా నాన్నకూ అదే సులువనిపించి పేరు రాయించకుండానే కూర్చోబెట్టారట. తర్వాత నందివెలుగులో కూడా, పిల్లకి చదవడం రాయడం వచ్చునని చూసి నేరుగా రెండో తరగతిలో వేసుకున్నారు, ఎవరూ ఏ కాగితం అడగలేదు. మన రోజుల్లో పిల్లల్ని అలాగే కదా బళ్ళో వేసేవాళ్ళం. చెయ్యి తల మీదుగా తిప్పి చెవి అందితే చేర్చుకునేవాళ్ళు, పుట్టిన తేదీ పంతులుగారే వేసేవారు.

నేను ఆ హెడ్మాస్టరు గారిని బతిమాలాను. పిల్ల పేర్లన్నీ చెప్పింది కదండీ, ఇక్కడ చదవకపోతే ఎలా చెబుతుందండీ, ఒక్క కాగితం రాసివ్వండి, ఊళ్ళో ఎవరినైనా అడగండి అని ఏవేవో మాట్లాడాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “చదివిందని నేనూ నమ్ముతున్నానండి. కానీ రిజిస్టర్లో లేని పేరు నేనెట్టా రాసిచ్చేదండి? రేపు ఎవరన్నా చూసి పట్టుకుంటే పిల్లని కాలేజీలోంచి పంపించేస్తారండి” అన్నారు. నేను వంగి ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఆయన కంగారుపడి వెనక్కి జరిగితే కుర్చీ పడిపోయింది. కిటికీల దగ్గర చిన్న పిల్లలు గుమిగూడి చూస్తున్నారు. మా అమ్మాయి నా భుజం పట్టుకుని లేవదీసింది. దాని చెయ్యి చల్లగా ఉంది, అది మాత్రం ఇప్పటికీ గుర్తే.

బయటకు వచ్చాక మా నాన్న నన్ను పక్కకు పిలిచి, రేపల్లెలో ముద్రలు చేసేవాడు ఒకడు ఉన్నాడు, బడి ముద్ర ఎలా ఉంటుందో చూపిస్తే సాయంత్రానికల్లా కాగితం తయారు చేస్తాడు అన్నారు. జీవితంలో ఒక్క అబద్ధం చెప్పి ఎరగని మనిషి మా నాన్న. తన తప్పు దిద్దుకోవడానికి అంతకు దిగారు. నేను క్షణం కూడా ఆలోచించకుండా పదమన్నాను. అప్పుడు నాకు తప్పూ ఒప్పూ ఏమీ కనబడలేదు, జైల్లో వేస్తామన్నా వెళ్ళేదాన్ని. మా అమ్మాయి మాత్రం బడి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

“నేను ఇక్కడ చదివినమాట నిజమే కదమ్మా. నిజానికి దొంగ ముద్ర ఏంటి? నేను రాను” అంది.

తిట్టాను. అంత పొగరు పనికిరాదన్నాను, నీ కోసం కాకపోతే మాకెందుకే అన్నాను. చెయ్యి కూడా ఎత్తాను, మా నాన్న పట్టుకోకపోతే ఆ పిల్లల ముందే కొట్టేదాన్ని. అది కదల్లేదు. ఆ మధ్యాహ్నం బండికే ఇద్దరం తెనాలి వచ్చేశాం.

మిగిలిన మూడు రోజులూ నేను కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగాను. తెనాలిలో పిల్ల చదివిన ఇంగ్లీషు బడి వాళ్ళు చక్కని అచ్చు కాగితం మీద ఎన్ని సర్టిఫికెట్లు కావాలంటే అన్ని ఇచ్చారు. అన్నిటి మీదా తెనాలి పురపాలక సంఘం అని ఉంది. ఆ బడి ఊరి పొలిమేరలో ఉంది కదా, పంచాయతీలోకి రాదా అని ఎవరెవరినో అడిగాను. సంగం జాగర్లమూడిలో మా ఆడపడుచు భర్తకు ఆఫీసుల్లో తెలిసినవాళ్ళున్నారంటే వాళ్ళింటికి వెళ్ళి ఏడ్చాను. ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఆఖరి రోజున మావారు కోటా గడి ఖాళీగా వదిలేసి దరఖాస్తు పంపించారు. లిస్టులో పేరు రాలేదు. నా కన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్న మనిషి ఆయన. ఆ లిస్టు చూసి వచ్చిన రోజు పొలం వెళ్ళి చీకటి పడ్డాకే ఇంటికి వచ్చారు. ఆ తర్వాత మూడేళ్ళకే పొలం కౌలుకి ఇచ్చేశారు.

పిల్ల తెనాలిలోనే డిగ్రీ చదివింది, బీఈడీ చేసింది, ఇప్పుడు బళ్ళో సైన్సు టీచరు. బాగానే ఉంది. అలా అని అందరితోనూ నేనే చెబుతాను.

ఇప్పుడు అన్నీ మారిపోయాయి. పిల్ల ఒకటో తరగతిలో చేరిన రోజే ఒక నంబరు పడిపోతుంది, అది కొడితే ఏ ఏడు ఎక్కడ చదివిందో మొత్తం బయటకు వస్తుంది. మా ఊళ్ళోకి పొద్దున్న ఏడింటికల్లా బడి బస్సులు అరడజను వస్తాయి. అయినా ఇప్పటి తల్లులు తెలివైనవాళ్ళు, ఎన్నేళ్ళు ఎక్కడ చదివిస్తే ఏ కోటా పోతుందో ముందే కనుక్కుని మరీ వేస్తున్నారు. మనకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. పల్లెటూరి బడి అంటే పోగొట్టుకోవాల్సిన వస్తువే అనుకున్నాం గానీ, దానికీ ఒక విలువ కట్టే రోజు వస్తుందని ఎవరికి తెలుసు?

మా అమ్మాయి ఈ విషయం మీద నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అంటుందేమోనని ఏళ్ళ తరబడి ఎదురు చూశాను. ఒకసారి తిట్టేస్తే నా బరువు దిగుతుందని. మొన్న వేసవిలో వచ్చినప్పుడు, ఆవకాయకి ముక్కలు తుడుస్తూ, ఇక ఉండబట్టలేక నేనే ఎత్తాను. నీ మంచికే అనుకుని చేశానే, నా మీద కోపం లేదా అని అడిగాను. అది చేస్తున్న పని ఆపకుండా, “నా మంచికే చేశావని నాకు తెలుసమ్మా. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా లేకపోయింది” అంది.

ఆ తర్వాత ఇద్దరం ముక్కలన్నీ తుడిచి ఎండలో పరిచాం. తెలియక చేశావులే అని మావారు అంటారు, మా అమ్మా అదే అనేది. తెలియక చేసినా దాని బరువు ఎక్కడికీ పోలేదు, అంతా ఆ పిల్లే మోసింది.