వాగు దిగిన గుంత

పెద్ద కొండల్లోంచి ఉరుకుతూ వచ్చే వాగు మా ఊరి ఎగువన ఒక గుంతలోకి దిగి మాయమవుతుంది. అక్కణ్ణుంచి అంతా గులకరాళ్లే, పైన చుక్క నీరుండదు. మళ్లీ ఊరి దిగువన, రాళ్లు అయిపోయి బంకమట్టి మొదలయ్యే చోట, మా అత్త అద్దకం షెడ్డు వెనక ఊట పైకొస్తుంది. ఆ నీరూ ఈ నీరూ ఒకటేనా అన్నది కాపురానికి వచ్చిన నాటినుంచీ అత్తకున్న అనుమానం. ఎవరినడిగినా, "నీళ్లొస్తున్నాయిగా, ఇంకేం కావాలి?" అనేవారు.

ఆ ఏడు ఆమె మరిది గుంతకు కాస్త దిగువన లాడ్జి కట్టి, పక్కనే బావి తవ్వించాడు. మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు గుంతలో పోసి చదును చేస్తానన్నాడు.

"అది పూడిస్తే నా ఊట ఎండిపోతుందయ్యా. నూలు దేంట్లో ఉడకేసుకోను?"

"నేలలోకి దిగి చూసొచ్చావా వదినా?"

"చూసే చెప్తా. సోమవారం దాకా ఆగు."

"సరే. ఆ తర్వాత ట్రాక్టరు ఆగదు."

అత్త చెట్టు బెరడు కాచి రెండు గంగాళాల ఎర్రరంగు తీసింది. తాగినా వగరు తప్ప ఏమీ చెయ్యని రంగు. ఆటోలో తీసుకెళ్లి గుంతలో పోసింది. తిరిగొచ్చి ఊట నోటికి తెల్లగుడ్డ అడ్డం కట్టి, పక్కనే పీట వేసుకు కూర్చుంది.

"ఆ గుడ్డ ఎక్కడికీ పారిపోదులే. నా కంచంలో కాస్త అన్నం పెట్టు," అన్నాడు మామయ్య.

గుడ్డ తెల్లగానే ఉంది. సోమవారం పొద్దున అత్త దాన్ని విప్పి, పిండి, దండెం మీద ఆరేసింది.

అంతలో మరిది బకెట్‌తో వచ్చాడు. భుజం మీది తువ్వాలు గులాబీ రంగులో ఉంది.

"వదినా, ఏం పోశావ్? మా లాడ్జిలో దిగినాయన నెత్తిన చెంబెడు నీళ్లు పోసుకుని, రక్తమనుకుని గావుకేక పెట్టాడు!"

అత్త బకెట్‌లో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. వగరు.

"నీ బావిలోకా వెళ్లింది! మరి గుంత పూడుస్తావా?"

"పూడిస్తే నా బావి గతేంటి? ట్రాక్టరు వెనక్కి పంపేశా."

అత్త తలూపింది. కానీ చూపు ఊట మీదే ఉంది.

"అయితే ఇది ఎక్కడిదయ్యా? కొండ మొదట్లో ఇంకో పాయ కూడా ఇలాగే ఇంకుతుంది కదూ?"

మరిది బకెట్ కింద పెట్టాడు.

"ఈసారి ముందే చెప్పు తల్లీ. స్నానాలు కానిచ్చేస్తాం."