ఊరి పేరు తెలియని సూరమ్మ

1942 మే నెల. విజయవాడను అప్పటికింకా అందరం బెజవాడ అనేవాళ్ళం. రైలు స్టేషనుకు కాస్త దూరంలో ఉన్న ఒక స్త్రీల శరణాలయంలో నేను నర్సును. బర్మా మీద బాంబులు పడ్డాక అడవులు దాటీ, ఓడలెక్కీ ఎలాగో ప్రాణాలు దక్కించుకున్న తెలుగువాళ్ళు ఆ వేసవంతా బెజవాడలో దిగుతూనే ఉన్నారు.

జిల్లాలోని శరణాలయాలు, అనాథాశ్రమాలు, పురుడు పోసే కేంద్రాలు కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుండేది. దాని కింద కొన్ని కమిటీలు. తిండి సంగతి చూసేదొకటి, బట్టలు పోగుచేసేదొకటి. నేనున్నది ట్రేసింగ్ కమిటీ. అంటే, దిక్కు తెలియకుండా వచ్చినవాళ్ళ తాలూకు మనుషుల్ని వెతికిపెట్టే కమిటీ. జీతం లేదు. డ్యూటీ అయ్యాక మిగిలిన పొద్దులోనే ఆ పని. మేం ముగ్గురం. నేను, కాలవల శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరైన వెంకటప్పయ్య గారు, ఒక బట్టల వర్తకుడు.

సూరమ్మకు యాభై దాటి ఉంటాయి. రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసిందట. వచ్చే దారిలో కొండల్లో భర్త పోయాడు. పిల్లల్లేరు. కాలి పుళ్ళకు కట్టు కట్టాక కేస్ షీట్ తీశాను. వచ్చిన మనిషి వివరాలన్నీ రాసే కాగితం అది.

"మీ ఊరేదమ్మా?"

"మన ఊరే."

"అదే, పేరేంటీ అని."

"ఏమోనమ్మా. ఆరేళ్ళప్పుడు ఓడెక్కించారు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ 'మన ఊరు, మన ఊరు' అనేది. అదే పేరనుకున్నాను. పెద్దయ్యాక అడుగుదామంటే అమ్మ లేదు."

ఆమెకు గుర్తున్నవి కొన్నే. ఇంటి ముందు కాలవ. పడవలు దాటించేందుకు తలుపులు బిగించిన, హోరుమని నీళ్ళు దూకే లాకు. గట్టు పొడవునా ఆరేసిన ఎర్రబట్టలు, వాటిని జాడించినప్పుడు ఎర్రగా సాగిపోయే నీళ్ళు. ఒక చెల్లెలు. ఓడెక్కేనాటికి జ్వరంగా ఉంటే అమ్మమ్మ దగ్గర వదిలేశారు.

"చెల్లెలి పేరు?"

"చిట్టి. ఊరినిండా చిట్టిలేగా!" అని నవ్వింది.

శరణాలయంలో మూడు నెలలే ఉంచుకోవాలని సంఘం నియమం. ఈలోగా రక్తసంబంధీకులు దొరక్కపోతే మద్రాసులో ఒక పెద్ద ఆశ్రమానికి పంపేవాళ్ళం. అక్కడికి వెళ్ళినవాళ్ళ కబురు మళ్ళీ తెలిసేది కాదు.

వెంకటప్పయ్య గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. "ఎర్రబట్టలంటే అద్దకంవాళ్ళు. లాకూ అద్దకంవాళ్ళూ ఒకేచోట ఉన్నారంటే బందరు వైపే అయ్యుండాలమ్మాయ్. ఇప్పుడైతే వేసవని కాలవలకు నీళ్ళు ఆపేశారు. నీళ్ళు వదలనీ, పడవ మీద తీసుకెళ్దాం."

"బస్సులో తొందరగా వెళ్ళొచ్చు కదండీ?"

"ఆ పిల్ల ఊరు వదిలింది పడవలో. రోడ్డు మీంచి చూపిస్తే ఏం గుర్తుపడుతుంది?"

యాభై ఏళ్ళ మనిషిని ఆయన పిల్ల అనడం నాకు నచ్చింది.

నీళ్ళు వదిలాక మా వర్తకుడు గారు తన సరుకు పడవలో చోటిచ్చారు. నేను సెలవు పెట్టాను. ఆ ప్రయాణం తలచుకుంటే ఇప్పటికీ నిద్రకూ మెలకువకూ మధ్య ఉన్నట్టుంటుంది. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని నడుస్తుంటే, చప్పుడు లేకుండా పడవ వాళ్ళ వెనకే కదిలేది. మబ్బు పట్టిన ఆకాశం కిందా ఉంది, పైనా ఉంది. చేలల్లో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళ పాట వినిపించేది, ఇంకో ఊరు వచ్చేసరికి అదే పాట మరో గొంతుతో. సూరమ్మ పడవ అంచున బోర్లా పడుకుని, గడ్డం చేతుల మీద ఆనించి గట్టునే చూసేది. ఊరు రాగానే నేనామె మొహం చూసేదాన్ని. ఆమె తల అడ్డంగా ఊపేది. ఊరు వెనక్కి జారిపోయేది.

రెండోనాటి మధ్యాహ్నం ఒక లాకు దగ్గర ఆమె చప్పున లేచి నిలబడింది.

"ఆపండి! ఇదేనమ్మా. ఈ హోరే!"

దిగి పరుగులాంటి నడకతో వెళ్ళి లాకు గోడను రెండు చేతులా తడిమింది. గట్టున నిజంగానే ఎర్రబట్టలు ఆరుతున్నాయి. నాకు కళ్ళు చెమర్చాయి. వెంకటప్పయ్య గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఈ లాకు నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కట్టిందమ్మాయ్. ఆవిడ ఓడెక్కాక కొన్నేళ్ళకు. అంతకుముందు ఇక్కడ ఉత్త గట్టే."

ఈలోగా రంగూన్ మనిషి వచ్చిందని నలుగురూ మూగారు. చేతులకు గంజి అంటుకుని ఉండగానే ఒక నేతపని ఆవిడ పరుగెత్తుకొచ్చింది. పేరు మాణిక్యమ్మ, వితంతువు. ఆమె అక్క చిన్నప్పుడే రంగూన్ వెళ్ళి మళ్ళీ రాలేదట.

"పేరేంటమ్మా నీ పేరు?"

"సూరమ్మ."

మాణిక్యమ్మ మొహం వాడిపోయింది. "మా అక్క రాఘవమ్మ," అంది. "అక్కడ ఆ పేరుగల మనిషి ఎవరైనా..."

"లేదమ్మా. నాకు తెలిసినవాళ్ళలో లేదు."

వెంకటప్పయ్య గారు లాకు సంగతి మెల్లగా చెప్పారు. సూరమ్మ వింది. మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. "అయితే ఇంకా ముందుందేమో లెండి, పదండి," అని తనే లేచింది.

కాలవ చివరిదాకా వెళ్ళాం. ఏ ఊరూ ఆమెది కాలేదు. తిరుగు ప్రయాణంలో ఆమె గట్టు వైపు చూడలేదు. పడవలో వెల్లకిలా పడుకుని మబ్బులు చూసింది. నేను మద్రాసు సంగతి ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

ఆ లాకు దగ్గర మాణిక్యమ్మ నిలబడి ఉంది. పడవ వచ్చే వేళ కనుక్కుని వచ్చిందట.

"దొరికిందా?"

"లేదండీ," అన్నాను.

"అయితే దిగమ్మా," అంది సూరమ్మతో. మేం తెల్లబోయి చూస్తుంటే నా వైపు తిరిగింది. "మా అక్క ఏ ఊళ్ళో దిగిందో, ఎవరి గుమ్మంలో నిలబడిందో నాకు తెలీదు. ఈవిణ్ణి నేను పొమ్మంటే, అక్కడ దాన్ని రమ్మనేదెవరు?"

నేను సూరమ్మను అడిగాను. ఆమె నాకు జవాబు చెప్పకుండా మాణిక్యమ్మనే అడిగింది. "ఊరకే కూర్చుని తినలేను. నూలు కండెలు చుట్టడం నేర్పుతావా?"

"రాట్నం ఖాళీగానే ఉందమ్మా."

సంఘం సమావేశంలో కార్యదర్శి అభ్యంతరం చెప్పారు. రక్తసంబంధం లేనివాళ్ళకు ఎలా అప్పగించారని.

వెంకటప్పయ్య గారు లేచారు. "కేస్ షీట్‌లో బంధుత్వం అన్నచోట 'లేదు' అని రాశామండీ. 'చెల్లెలు' అని అబద్ధం రాసుంటే ఈపాటికి మీరు సంతకం పెట్టేసేవారు. నిజం రాసినందుకు ఆవిణ్ణి మద్రాసు పంపిస్తారా?"

చాలాసేపు వాదన జరిగింది. ఒక ఏడాదిపాటు నెలకోసారి మా కమిటీయే వెళ్ళి చూసి రావాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఫాలో-అప్ అంటారు దీన్ని, మనిషిని పంపేశాక కూడా కనిపెట్టి ఉండడం. అంతవరకు మా సంఘంలో ఆ అలవాటే లేదు.

మొదటి మూడు నెలలూ నేనే వెళ్ళాను. ఎలా ఉన్నావంటే "బాగానే ఉన్నానమ్మా" అనేది సూరమ్మ. మంచం అంచున, పిలిస్తే వెంటనే లేచేటట్టు కూర్చునేది. పెట్టింది పెట్టినట్టు తినేది. ఆ జవాబే కాగితం మీద రాసుకుని వచ్చేదాన్ని. మనసులో మాత్రం తప్పు చేశామేమోనన్న భయం ఉండేది.

నాలుగోసారి వెళ్ళేసరికి వీధిలోకే అరుపులు వినిపించాయి.

"పప్పులో ఉప్పేదీ? నోట్లో పెట్టుకునేట్టు ఉందా?" సూరమ్మ గొంతు.

"నిన్న ఎక్కువైందని ఏడ్చావుగా!"

"నిన్నటి కోపం ఇవాళ పప్పు మీద చూపిస్తావా?"

అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. లోపల గిన్నెలు మోగుతున్నాయి. కాసేపటికి ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

ఆ తరవాత ఎన్నో ఇళ్ళకు ఫాలో-అప్‌కు వెళ్ళాను. బాగున్నావా అని అడగడం మానలేదు గానీ ఆ జవాబును నమ్మడం మానేశాను. గుమ్మం బయట కాసేపు ఆగి వింటాను. పరాయి ఇంట్లో ఎవరూ ఉప్పు కోసం పోట్లాడరు.