గాజుగొట్టంలో జుట్టు

టీ తాగుతూ వినండి బావా, గానీ మధ్యలో నవ్వకండి. పోయిన నెల ఓ దెయ్యం నా ఉద్యోగం తినేసీదే!

మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి సైకిలేసుకుని కాలేజీ ల్యాబుకి పోతాను కదా, టెంపరరీ ఫిట్టర్ని. అణు రియాక్టరు మీద పరిశోధన చేసే ల్యాబే గానీ, అక్కడ అసలు అణుకొలిమి లేదు, భయపడకండి. దాని లోపల కాగిపోయే కడ్డీల సందుల్లో నీళ్లు ఎలా పారతాయో సూడ్డానికి మా బెంగాలీ సారు ఉత్తుత్తి నమూనా కట్టించినాడు. నిలువెత్తు గాజుగొట్టం, అందులో ఇత్తడి కడ్డీలు, కింద పంపు, పక్కన ట్యాంకు. నీళ్లలో నలుసు పడకూడదని రోజుకి పదిసార్లు సెప్తాడు. బొంబాయి నుంచి అణుశక్తి ఆఫీసర్లు వచ్చి మెచ్చుకుంటే నన్ను పర్మనెంటు చేయిస్తానన్నాడు.

వాళ్లొచ్చే ముందురోజు విశ్వకర్మ పూజ. ఆ రోజు బొట్టు పెట్టకపోతే మిషను ఏడాదంతా పగబడతాదని మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఉన్నన్నాళ్లూ అనీవాడు. సారు ఇంటికెళ్లగానే పంపుకీ, ట్యాంకుకీ కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు రెండు చుక్కలు ట్యాంకులో ఒంపినాను. దేవుడి నీళ్లు నలుసెలా అవుతాయి?

మర్నాడు పొద్దున్న మబ్బు. షెడ్డంతా చీకటి, నేనొక్కడినే. పంపు ఏసినాను. గొట్టంలోంచి "ఊఁ..." అని సన్నగా మూలుగు. ఆపినాను, ఆగింది. ఏసినాను, మళ్లీ "ఊఁ..." ఆడగొంతు!

లైటు దగ్గరగా పెట్టి సూసినాను. కడ్డీల మధ్య ఎర్రటి మరక. నీళ్లు జోరుగా పైకి పారతన్నాయి, మరక మాత్రం కదల్దు, అక్కడే తిరగతంది. దాని కిందే నల్లగా జుట్టు ఊగతంది. నా వైపు తిరిగింది బావా, ఒట్టు!

ఒకటే పరుగు. తలుపు దగ్గర సారునీ, ఆఫీసర్లనీ గుద్దేసినాను.

"క్యా హువా, సింహాచలం?"

"భూత్, సార్! గొట్టంలో ఆడపిల్ల!"

నా పర్మనెంటు గంగలో కలిసిపోయిందనుకున్నాను. సారు వంగి సాలాసేపు సూసినాడు. "నిన్న నారికేల్ కొట్టినావా?" అన్నాడు మెల్లగా.

అప్పుడు గుర్తొచ్చింది. కాయకి పీకిన పీచుకి కుంకం చేతులు తుడుసుకుని, ట్యాంకు అంచున పెట్టి మరిసిపోయినాను! అదే ట్యాంకులోకి జారిపడి, పంపు నీళ్లతో పాటు వచ్చి కడ్డీల్లో ఇరుక్కుంది. అదే వణుకుతూ మూలుగుతంది.

తలూపినాను. ఇంతలో పెద్దాఫీసరు గొట్టానికి మొహం ఆనించి "శెభాష్!" అన్నాడు. కొలిమిలో సెత్త అడ్డుపడితే ఇలాగే దాని ఎనకాల నీళ్లు నిలబడిపోతాయట. అక్కడ కడ్డీ సల్లబడక లోలోపల కాలిపోతాదట, బయటోళ్లకి తెలీకుండానే. అది విన్నాక నాకు అసలు భయం పట్టుకుంది.

"ఇదీ పరీక్షించండి" అన్నాడాయన. సారు నా వైపు సూసి "ఠీక్ హై" అన్నాడు.

నా పర్మనెంటు ఆర్డరు వచ్చీసింది. కానీ వారం వారం గోల్ బజారుకెళ్లి కాయ కొనాల. కొట్టు అప్పారావు మావ "ఏటిరా, ఏ దేవుడికి ఇన్ని మొక్కులు?" అంటన్నాడు. ఏటని సెప్పీది? పీచు తడిపి, సక్కగా దువ్వి, కుంకం అద్ది, నన్ను తరిమిన దెయ్యాన్ని నేనే గొట్టంలోకి దింపతన్నానని!