ఆ ఇంట కూడు ముట్టని చిలకమ్మ

2001, వానాకాలం. విశాఖపట్నం సెషన్స్ కోర్టులో నేను అడిషనల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని, అంటే ప్రభుత్వం తరఫున వాదించే ప్లీడరుని. చిలకమ్మ అనే కొండపిల్లను సంత నుంచి ఎత్తుకెళ్ళి, తన ఇంట్లో బంధించి అత్యాచారం చేసినవాడికి కింది కోర్టు ఏడేళ్ళు వేసింది. వాడు అప్పీలుకొచ్చాడు. అప్పీలంటే మామూలుగా కొత్త సాక్ష్యాలుండవు. కింద చెప్పిన మాటలనే పైకోర్టు మళ్ళీ తూచి చూస్తుంది.

వాడి ప్లీడరు వాదన ఒకటే: "అది నేరం కాదు, కొండ ఆచారం. పిల్లను ఎత్తుకెళ్ళడమే వాళ్ళ పెళ్ళి." ఊరిపెద్ద కూడా వాడి తరఫున సాక్ష్యం చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. మండితే సరిపోతుందా, జవాబు కావాలిగా!

ఒక సెలవురోజు మన్యంలో గూడెం కొత్తవీధి దాటి చిలకమ్మ ఊరెళ్ళాను. మబ్బు దిగివచ్చి కాఫీ మొక్కల మధ్య కూర్చుంది. వాళ్ళ అరుగు మీద కూర్చుంటే ఎదురిల్లే కనబడటం లేదు. ఎక్కడో మేక మెడలో గంట, ఎవరిదో నవ్వు, అంతే లోకం. ఆ తెల్లదనంలోంచి చిలకమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇరవై దాటిన పిల్ల. ఎందుకొచ్చానో కాసేపు నిజంగానే మరిచిపోయాను.

"అది మీ ఆచారమేనంటున్నాడమ్మా వాడు," అన్నాను చివరికి.

"ఊల్లో కూడా నన్ను ఆడి పెల్లావనే అంతన్నారు. ఎత్తికెల్లినా, ఆడగుంట ఆ ఇంట కూడు తింటేనే పెల్లమ్మా. తినకపోతే ఒల్లనన్నట్టే. ఒగ్గీయాల. నాను గంజిసుక్క ముట్టనేదు."

"కోర్టులో చెప్పావా?"

"సెప్పినాను. ఆకలేసిందా అనడిగినారు."

అయ్యో రామా! తినలేదన్న ఆ మాట నేనూ రికార్డులో చదివాను, పాపం వాడు పస్తుంచాడనుకున్నాను.

వాదనలో, ఏ ఆచారమూ చట్టాన్ని మించదని మొదలుపెట్టాను. తర్వాత ఊరిపెద్ద సాక్ష్యం చదివాను: "ఎత్తుకొచ్చి కూడు పెడతారు, తింటే పెళ్ళి." ఆ వెంటనే చిలకమ్మ మాట: "ఆ ఇంట నేనేమీ తినలేదు."

శిక్ష ఖాయమైంది. తీర్పు కాపీ అందిన రోజు చిలకమ్మ వచ్చింది. ఏడేళ్ళ సంగతి చెబుతుంటే తల అడ్డంగా ఊపింది.

"ఆడి పెల్లాన్ని కానని రాసినారా?"

"రాశారమ్మా."

"సదవండి."

చదివాను. మళ్ళీ చదవమంది. రెండోసారి మెల్లగా, మాట మాటా విడదీసి చదివాను.

నేను వాడి శిక్ష కోసం వాదించాను. ఆమె ఆ ఒక్క మాట కోసం కొండ దిగి వచ్చింది. అప్పటి నుంచి ఏ ఆడకూతురు నా ముందు కూర్చున్నా, ఏం జరిగిందని తర్వాత అడుగుతాను. ముందు, ఆమెకేం కావాలో అడుగుతాను.