తోటికోడలి కిడ్నీలో రాయి

నా కుడి చెయ్యి తిమ్మిరెక్కడం మొదలైన ఏడాదే మా తోటికోడలికి కిడ్నీలో రాయి తేలింది. ఆవిడ అదృష్టం అలాంటిది.

తొంభైల చివరి మాట. నేను కొవ్వూరులో చిన్నపిల్లల స్కూల్లో టీచర్ని. మొదట బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయి. సుద్దముక్క పట్టుకున్నానో లేదో కళ్ళతో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. ఓ వారంపాటు బోర్డు మీద ప్రతి అక్షరం రెండుగా కనిపించింది. ఎనిమిదో రోజుకి ఏమీ ఎరగనట్టు అదే సర్దుకుంది. రాజమండ్రిలో స్కాన్ తీసి అంతా నార్మల్ అన్నారు. "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని బలానికి మాత్రలు రాసిచ్చారు.

బయటికి రాగానే మా ఆయన "హమ్మయ్య, ఏం లేదంటగా!" అన్నారు. ఆ రోజు నుంచి నా జబ్బు పేరే "ఏం లేదు". కాకినాడలో నరాల డాక్టరుకి చూపిద్దామండీ అని నేను అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అనేవారు. నెలలు గడిచాయి. చెయ్యి మాత్రం రోజురోజుకీ నాది కాకుండా పోతోంది.

ఈలోగా పక్క వాటాలో ఉండే మా తోటికోడలికి నడుంనొప్పి వచ్చింది. బావగారు అప్పటికప్పుడు కారు మాట్లాడారు. ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చాక పలకరించడానికి వచ్చేవాళ్ళు, బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు. ఆవిడ కొంచెం పక్కకి తిరిగి కుట్లు చూపిస్తే అందరూ "అయ్యో తల్లీ" అనేవారు. నేను కాఫీలు అందిస్తూ ఆ కుట్ల వంక చూసేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, నాకూ అలాంటి కోత ఒకటి ఉంటే బాగుండునని కుళ్ళిపోయాను.

చర్చిలో కూడా అదే తంతు. ఆదివారం పాస్టరు అయ్యగారు రోగుల కోసం ప్రార్థన చేస్తూ ఆవిడ వంతు వచ్చేసరికి "కిడ్నీ ఆపరేషన్ జరిగిన మా సహోదరి" అన్నారు. నా వంతుకి "బలహీనంగా ఉన్న సహోదరి" అన్నారు. బలహీనతట! ఆ పొద్దున్నే ఎడమచేత్తో రెండిళ్ళకీ నీళ్ళు మోసి వచ్చాను. ఒళ్ళు మండిపోయింది. దేవుడి దగ్గర కూడా నాకో సరైన జబ్బు లేదు.

ఆవిడ లేచి తిరుగుతోందని బావగారు ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. మధ్యాహ్నం వరండా నిండా జనం. పాటలు, వాక్యం అయ్యాక ఆవిడ నిలబడి దేవుడు తనని ఎలా కాపాడాడో సాక్ష్యం చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. ఆస్పత్రివాళ్ళు ఇంజక్షన్ సీసాలో వేసిచ్చిన రాయిని తెచ్చి అందరికీ చూడమని ఇచ్చింది. శనగగింజంత రాయి. సీసా వరసలో చేతులు మారుతూ వస్తోంది. "ఇంతదాన్ని ఎలా భరించావమ్మా!" అని ఒకరి తర్వాత ఒకరు.

నా పక్కన కూర్చున్న అత్తయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "జబ్బంటే ఇదీ, కళ్ళకి కనపడాలి" అని నా వైపు చాచారు. అంతమందిలో ఎడమచెయ్యి చాపితే బాగోదు. కుడిచెయ్యే చాపాను. సీసా అరచేతిలో పడటం చూశాను. మరుక్షణం అది గచ్చు మీద పగిలింది. రాయి దొర్లుకుంటూ పోయి తూములోంచి మురిక్కాలువలో పడింది.

మా ఆయన మొహం కందగడ్డ అయింది. "ఏంటిది? వదిన మీద ఏడుపుతో కావాలనే వదిలేశావా?" అన్నారు. మెల్లగానే అన్నారు గానీ అందరికీ వినిపించింది.

తోటికోడలు నడుం పట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. నా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కింది. "ఇది తెలుస్తోందా? పోనీ ఇది?" తెలియడం లేదక్కా అన్నాను. ఆవిడ మా ఆయన వైపు తిరిగింది.

"మరిదిగారూ, నేను చూస్తూనే ఉన్నానండి. దాని వేళ్ళు ముడుచుకోలేదు. వెధవ రాయి, పోతే పోయింది. రేపు పొద్దున్నే కాకినాడ తీసుకెళ్ళండి. నేనూ వస్తాను."

వచ్చింది కూడా. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా కుట్లు పట్టేసి "అమ్మా" అంటూనే, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా రాస్తూ కూర్చుంది.

ఆ చేతికి ఏం తెలియదన్నది నిజమే. కానీ సీసా అరచేతిలో పడ్డ క్షణంలో, ఇది పగిలిపోతే బాగుండునని నేను అనుకున్నాను. వేళ్ళు ముడుచుకోలేదో, నేనే ముడవలేదో ఇవాళ్టికీ నాకు తెలియదు. నన్ను నమ్మిన మొదటి మనిషికి ఆ ఒక్కమాటా చెప్పలేకపోయాను.