మాలిష్ వద్దన్న మోకాలు

"మాలిష్ వద్దు నానమ్మా! కొత్త దెబ్బను రుద్దితే వాపు ఎక్కువైతదని మా బుక్కుల ఉంది. జర ఐస్ పెడితే చాలు."

"మీ నాయన చెయ్యి ఇరిగితే నిలబెట్టింది పహిల్వానే. అప్పుడు నీ బుక్కు ఏడున్నది? నడువు, ఆటో ఆగింది."

నా మనవరాలు శైలజ నారాయణగూడలో పదకొండో తరగతి చదువుతోంది. ఫిజికల్ ఎడ్యుకేషన్ ఒక సబ్జెక్టుగా తీసుకుంది. ఎముకల పేర్లు, కండరాల పేర్లు బట్టీపట్టేది. నేను కూరగాయల సంచితో మెట్లెక్కి వస్తే నా నాడి పట్టుకుని గడియారం చూసేది. ఆటకు పరీక్షేమిటని విసుక్కునేదాన్ని. ఆ రోజు లాంగ్ జంప్ ప్రాక్టికల్‌లో మోకాలు మెలిపడి, స్నేహితురాలి భుజం పట్టుకుని అశోక్‌నగర్‌లోని మా ఇంటికి కుంటుతూ వచ్చింది.

ఎముకలు సరిచేసే పహిల్వాన్ నూనె పోసి గట్టిగా రుద్ది కట్టు కట్టాడు. పిల్ల నా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మర్నాటికి మోకాలు గుమ్మడికాయంత అయింది.

చిక్కడపల్లిలో ఎముకల డాక్టరుకు చూపించాం. ఎక్స్‌రేలో ఫ్రాక్చర్ లేదు. "లిగమెంట్ ఇంజురీ. దీనిమీద మాలిష్ ఎవరు చేయించారమ్మా?" అన్నాడాయన.

"నేనే పోయిన సార్," అంది శైలజ.

మూడు వారాలు మోకాలికి బ్రేస్ పట్టీ, తరువాత ఫిజియోథెరపీ. నొప్పికి ఏడుస్తోందని నాలుగు రోజులు నేనే ఎక్సర్‌సైజు మాన్పించాను. మోకాలు బిగుసుకుపోయింది. "జాలిపడితే కాలు వంగదమ్మా," అని ఫిజియోథెరపిస్ట్ కసిరింది. ఇదంతా ఆ చదువు తెచ్చిన చేటేనని, సబ్జెక్టు మార్చమంటూ నా కొడుకుతో బడికి కాగితం రాయించాను.

కాగితం చూసి శైలజ అరవలేదు. "ఆ బుక్కు చదివినందుకే గద నానమ్మా, ఆ రోజు మాలిష్ వద్దన్న."

"మరి డాక్టర్ ముందట నా పేరెందుకు చెప్పలే?"

"ఆయన నిన్ను తిడితె నాకు మంచిగనిపిస్తదా?"

ఇప్పుడు శైలజ నడిచే బడికి పోతోంది. దూకడానికి ఇంకా సమయముంది. చదివేవారికి ఒక్కటే చెబుతాను. కాలు మెలిపడితే రుద్దకండి. పాత చీర ముక్కలో ఐసు చుట్టి పెట్టి, డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే పక్కింటివాళ్ళను అడగడానికి మొహమాటపడకండి. ఆ రోజు నేను మొహమాటపడ్డాను.

ఆ కాగితం బడికి పోలేదు. ఆ మాటలైన మర్నాడు పొద్దున దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగే కుర్చీ పొట్టి కోడు కింద దోపాను. శైలజ ఆ కుర్చీలో కూర్చుని ఎక్సర్‌సైజుకు కాలు చాపి లేపింది. నేను ఎదురుగా పీట వేసుకుని పదిదాకా లెక్కపెట్టాను.