అబా వెనక దిండు

కేప్ కోస్ట్ పట్నం పక్కన మా రేవులో చేపలమ్మే ఆడవాళ్ళకు పెద్ద కావాలంటే నోరుండాలి, లెక్క తెలియాలి, అన్నిటికన్నా ముందు ఒళ్ళుండాలి. ఈనుపుల్లలాంటి మనిషి పెద్దరికం పీట మీద కూర్చుంటే పడవలవాళ్ళు లెక్కచేస్తారా? అబా న్యార్కోవాకి మూడూ పుష్కలంగా ఉండేవి. ఇప్పటి పెద్ద అదోమా అవ్వ దిగిపోయాక ఆ పీట తనదేనని అబా ఏళ్ళ తరబడి ఆశపడుతోంది.

ఇంతలో ఆసుపత్రిలో రక్తం తీసి చూస్తే చక్కెరా కొవ్వూ రెండూ ఆకాశంలో ఉన్నాయి. మాత్రలు వేసుకోమన్నాడు డాక్టరు, రోజూ నడవమన్నాడు. మాత్ర మింగుతున్నాక ఇక కాళ్ళకెందుకు శ్రమ అనుకుంది అబా. కొన్నాళ్ళకు చక్కెర కాస్త దిగింది గానీ కొవ్వు కదిలితే ఒట్టు. మొగుడు ఎబో పడవ నడిపేవాడు. అతనికి ఒళ్ళు మండింది.

"ఒక పక్కే తెడ్డేస్తే పడవ గిరగిరా తిరుగుద్దే గానీ ముందుకు పోద్దా?" అన్నాడు.

మంగళవారం మా వాళ్ళు సముద్రం మీదికి పోరు. ఆ రోజు డప్పులతో, పాటలతో ఒడ్డు వెంట నడిచే గుంపు ఒకటుంది. అబా తిట్టుకుంటూ చేరింది, నెల తిరిగేసరికి అందరికన్నా ముందు గంతులేస్తోంది. మిగతా రోజుల్లో ఎబోని వెంటేసుకుని నడిచేది. ఈసారి చక్కెర దిగింది, కొవ్వు దిగింది, రక్తపోటు బుద్ధిగా కూర్చుంది. ఆనందం పట్టలేక ఆమె డాక్టరుకి బుట్టెడు ఎండుచేపలిచ్చింది.

అయితే నడుము కూడా కరిగింది. లోకులు కాకులు కదా, ఎబో తిండి పెట్టడం లేదన్నారు కొందరు, ఏదో పాడు రోగమన్నారు మరికొందరు. ఆ పీట మీదే కన్నేసిన ఎక్వా బెంచివా అయితే రోజూ బజారు నడిబొడ్డున కెంకె అనే పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద చేతిలో పెట్టి, "తిను వదినా, ఎముకలు లెక్కపెట్టొచ్చు నీకు," అని జాలిపడేది. అబాకి ఏడుపొచ్చింది. చేతికందిన పీట నోటికందకుండా పోయేలా ఉంది. చివరికి ఆమె అమ్మమ్మల కాలం నాటి అలంకారం పెట్టెలోంచి తీసింది. గుడ్డ దిండు ఒకటి వెనక కట్టుకుని, దాని మీద బట్ట చుట్టుకుంది. మళ్ళీ నిండుగా కనిపించింది.

పెద్దను ఎన్నుకునే మంగళవారం వచ్చింది. ఆనవాయితీ ప్రకారం పీట కోరిన ఇద్దరూ డప్పుల ముందు ఆడాలి. ఎక్వా ఒక్క చుట్టు తిరిగి, రొప్పుతూ ఇసకలో కూలబడింది. అబా మాత్రం ఒళ్ళు మరిచి ఆడింది. ఆ ఊపుకి ముడి ఊడి, దిండు కాస్తా దొర్లుకుంటూ పోయి అదోమా అవ్వ కాళ్ళ దగ్గర ఆగింది.

డప్పులు ఆగిపోయాయి. అబా వెళ్ళి దిండు తీసి, ఇసక దులిపి, ఎక్వా వెన్ను కింద పెట్టింది.

"ఆనుకో వదినా, ఆయాసం తగ్గుద్ది."

రేవంతా పగలబడి నవ్వింది. ఎక్కువగా నవ్వింది ఎక్వాయే. నవ్వు సద్దుమణిగాక ఆ ఒళ్ళంతా ఏమైపోయిందని అవ్వ అడిగింది.

"సగం మాత్ర తినేసింది, సగం దారి తినేసింది అవ్వా."

అవ్వ ఆమెను ఎగాదిగా చూసి, మోకాళ్ళు పట్టుకుని పీట మీంచి లేచింది.

"రా, కూర్చో. కూర్చున్నావని కూర్చునే ఉండకు."